ఒడ్డు పక్క ముందు, నీళ్ళ పక్క తరవాత

ఇలా వచ్చి కూర్చో. అక్కడ కాదు, ఆ ఫ్యాను కింద కూర్చుంటే నా మాట సగం గాలికి పోతుంది. ఈ పక్కకి రా. సరిగ్గా విను, విన్నది విన్నట్టు టైపు చెయ్యి. మధ్యలో ఆపి "ఇది ఇందాకే చెప్పావు నానమ్మా" అనకు. రెండోసారి చెబితే రెండోసారీ రాయి, తరవాత తీరిగ్గా కొట్టేసుకోవచ్చు.

మీ అమ్మ బొగ్గు ఓడ సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. నానమ్మ హెల్మెట్టు పెట్టుకుని పడవెక్కిందని మీ నాన్న ఫోటో పంపిస్తే నవ్వే బొమ్మలు వరసగా పెట్టావు. పడవెక్కడం చివర్న జరిగింది. అసలు సంగతి ల్యాప్‌టాప్‌లో జరిగింది. దాన్నెవరూ ఫోటో తీయలేదు.

ముందు ఇది రాసుకో. లారీ అయితే వేబ్రిడ్జి ఎక్కించి తూస్తారు. ఓడని దేనిమీద ఎక్కిస్తావు? అందుకని అది నీళ్ళలో ఎంత లోతు మునిగిందో చూస్తారు. ఓడ ఒంటిమీద అంకెలు రంగుతో వేసి ఉంటాయి. ముందు, మధ్యలో, వెనక. ఈ పక్క మూడు చోట్ల, ఆ పక్క మూడు చోట్ల. నీళ్ళు ఏ అంకె దగ్గర తాకుతున్నాయో చదువుతారు. సరుకు దించకముందు ఒకసారి, దించేశాక ఒకసారి. మొదటి బరువులోంచి రెండోది తీసేస్తే దిగిన సరుకెంతో తేలుతుంది. వినడానికి ఇంతే. కానీ నీళ్ళలో ఉప్పెంతో చూడాలి. ఓడ వెనక్కి కుంగితే దానికో సవరణ, పక్కకి ఒరిగితే దానికో సవరణ, అంత పొడుగు ఇనుము నడుం దగ్గర కాస్త వంగుతుంది కాబట్టి దానికో సవరణ. కడుపులో నింపుకున్న నీళ్ళూ నూనే లెక్కలోంచి తీసేయాలి. దీన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. మీ అమ్మ చేసే పని అది.

నేను చేసిన పని దాని పక్కనే. మీ తాతకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తే గోదావరి నుంచి ఇక్కడికొచ్చాం. నేను లెక్కల్లో డిగ్రీ చదివాను. పోర్టు దగ్గర ఒక సర్వే కంపెనీ ఉండేది, వాళ్ళు కంప్యూటరు కొన్నారు కానీ దాని ముందు కూర్చునే మనిషి లేదు. నేను కూర్చున్నాను. సర్వేయర్లందరూ మగవాళ్ళు. ఓడలు ఆగే జెట్టీ మీదనుంచి ఫోను చేసి అంకెలు చెప్పేవారు. నేను విన్న అంకె విన్నట్టే తిరిగి పలకాలి. అవునంటే మెషీనులోకి ఎక్కించాలి. ఆ సవరణలన్నీ చేసే లెక్కని ఫోర్‌ట్రాన్ భాషలో నేనే రాశాను. ఆ రోజుల్లో దేనికైనా పేరు పెట్టాలంటే ఆరు ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు. నేను నాలుగుతో సరిపెట్టి "నావ" అని పెట్టాను. ఏళ్ళ తరబడి దాన్ని సాపు చేస్తూ వచ్చాను. ఈ ఓడరేవులో పాత సర్వేయర్లని అడుగు, నావ చెప్పిన బరువంటే రెండో మాట లేదనేవారు.

విండోస్ వచ్చాక నావని లైబ్రరీగా చేశాను. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, నీకు తెలుసులే, చదివేవాళ్ళ కోసం రాయి. మనం రాసిన లెక్కని మెషీను భాషలోకి మార్చేసి కట్టిన మూట. ఇంకే ప్రోగ్రామైనా దాన్ని పిలిచి పని చేయించుకోవచ్చు. విప్పి చదువుదామంటే కుదరదు. గ్రైండర్లో రుబ్బిన పిండి లాంటిది. ఇడ్లీలు ఎన్నైనా వేసుకో, మినపగుళ్ళు మాత్రం వెనక్కి రావు.

ఆ మినపగుళ్ళే పోయాయి. పెద్ద తుఫానుకి ఆ ఆఫీసు రేకులు ఎగిరిపోయాయి, కంప్యూటర్లూ సీడీలూ అన్నీ ఉప్పునీళ్ళలో నానాయి. కంపెనీ మూసేశారు. నేను రాసిన ఫోర్‌ట్రాన్ పంక్తి ఒక్కటి మిగల్లేదు. లైబ్రరీ మాత్రం సర్వేయర్ల కంప్యూటర్లలో ఉండబట్టి బతికింది. అలాంటి కంప్యూటరొకటి మీ అమ్మ చేతికొచ్చింది.

మీ అమ్మది ఎలమంచిలి పక్క పల్లెటూరు, వ్యవసాయం ఇల్లు. పెళ్ళయ్యాక సర్వే కోర్సు చేసింది, ఒకాయన కింద చాలాకాలం పనిచేసింది. రిపోర్టు మీద ఆవిడ చదివిన అంకెలు, ఆయన సంతకం. అది ఆవిడకి గొంతులో ముల్లులా ఉండేది. చివరికి సొంత లైసెన్సు తెచ్చుకుని, ఒక గది అద్దెకి తీసుకుని, తన పేరు కింద కాస్త ఖాళీ వదిలి బోర్డు పెట్టింది. బోర్డయితే పెట్టింది, ఓడ ఎవరిస్తారు?

బొగ్గు తెప్పించే వ్యాపారి ఒకాయన ఇస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు. మిగతా సర్వేయర్లు అంకెలు చదివి ఆఫీసుకెళ్ళి లెక్క మెయిల్ చేస్తున్నారు, అందాకా ఓడ ఖాళీగా నిలబడుతోంది. నాకు ఓడ మీదే, చీఫ్ ఆఫీసర్ ఎదురుగా, లెక్క తేలాలి. ఈ ఓడకి అలా చేసి చూపించండి మేడం, ఈ ఏడు నా ఓడలన్నీ మీవే. లేకపోతే పెద్ద కంపెనీ వాళ్ళు ఎలాగూ అడుగుతున్నారు. ఇదీ ఆయన మాట.

నావ ఉన్న ఆ పాత డబ్బాని ఓడ మీదికి మోసుకుపోలేం. అది ఆన్ అవడానికే రెండు దెబ్బలు తినాలి. మీ అమ్మ ల్యాప్‌టాప్ పట్టుకుని మధురవాడ వెళ్ళి, సాఫ్ట్‌వేర్ కుర్రాడినొకణ్ణి అడిగొచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడింది.

"అయిపోనాది అత్తా."

"ఏమైంది?"

"కోడ్ ఉంటే మార్సి ఇత్తానన్నాడు. లేకపోతే మొదట్నించీ రాయాలంట. రాసినాక సరిగ్గా సెప్తందో లేదో ఓడలకి ఓడలు సరిసూడాలంట. నెలలు పడతాదంట."

"నిజమే చెప్పాడు. కానీ కోడ్ ఎందుకు, నావ ఉందిగా. పిలువు."

"ఎలగ పిలుత్తాను? అది నీ కాలంనాటి ఫోర్‌ట్రాను. అంకెలెక్కించడానికి నాను రాసుకున్న స్క్రీను ఈ కాలం పైథాను. దీని మాట దానికి తెలీదు, దాని మాట దీనికి తెలీదు."

"పెళ్ళైన కొత్తలో నీ మాట మా అమ్మకి తెలిసేదా? నువ్వు 'ఏటి' అంటే ఆవిడ కాలవ గట్టు మీద ఏటి గురించి అనుకునేది. మధ్యలో నేను చెబితే ఇద్దరూ సుబ్బరంగా కబుర్లాడుకోలేదూ?"

మీ అమ్మ మొహం కొంచెం తేరుకుంది. "మీ గోదారోళ్ళకి అర్దమయ్యిందంటే దేనికైనా అర్దమవుతాది," అంది. అదీ మా ఇంట్లో మర్యాద.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలవగానే డైనింగ్ టేబులు తుడిచి ల్యాప్‌టాప్ పెట్టాం. పైథాన్‌లో ఇలాంటి లైబ్రరీలని తెరిచి పిలిచే పద్ధతి ఒకటుంది. నేనెప్పుడూ పైథాన్ రాయలేదు కానీ, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పిలవడం అప్పట్లో చేసినదే. ఎక్కడ తట్టుకుంటామో తెలుసు.

మొదట పైథాన్ నావని తెరవనే లేదు. ఇది చెల్లని ఫైలు అంది. ఎందుకంటే నావ ముప్పై రెండు బిట్లది, ల్యాప్‌టాప్‌లో పైథాన్ అరవై నాలుగు బిట్లది. ఆ రెండూ ఒకే పంక్తిలో కూర్చోవు. ముప్పై రెండు బిట్ల పైథాన్ వేరేగా తెచ్చి పక్కన పెట్టాం. తెరుచుకుంది.

తరవాత పేరు పెట్టి పిలిస్తే అలాంటివాళ్ళెవరూ లేరంది. మీ అమ్మ ఉలిక్కిపడింది. నేను ఉలిక్కిపడలేదు. లెక్కని మెషీను భాషలోకి మార్చే ఆనాటి కంపైలర్ పేరుని చిన్న అక్షరాలు చేసి, వెనకాల కింద గీత ఒకటి తగిలిస్తుంది. తోకతో సహా పిలిస్తేనే పలుకుతుంది. తోక తగిలించాం.

ఈసారి పలక్కుండా తెర మీది కిటికీ మొత్తం మూసుకుపోయింది. తప్పనీ చెప్పలేదు, ఒప్పనీ చెప్పలేదు, మాయమైపోయింది.

"సచ్చిపోనాదేటి అత్తా?"

"చావలేదు. తప్పు ఇంటికి వెళ్ళింది."

జాలరిపేట నుంచి మన వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఉంది చూడు, ఎప్పుడైనా మన చేతిలోంచి గిన్నె అందుకుంటుందా? అందుకోదు, తడి చేతులు. "గిన్నె యాడుందో సెప్పమ్మా," అంటుంది. గట్టు మీద ఉందంటే, గట్టు దగ్గరికి వెళ్ళి చేపలు కోసి ఆ గిన్నెలోనే వేసి పోతుంది. ఫోర్‌ట్రాన్ కూడా అంతే. దానికి అంకె చేతికివ్వకూడదు, అంకె ఎక్కడుందో ఆ చోటు చెప్పాలి. అది అక్కడికే వెళ్ళి చదువుకుంటుంది, జవాబు కూడా మనం చెప్పిన చోటే పెట్టి వస్తుంది. మేము చోటు చెప్పకుండా అంకె ఇచ్చాం. అది ఆ అంకెనే చోటనుకుని ఎవరి గుమ్మంలోకో వెళ్ళింది, విండోస్ పట్టుకుని బయటికి తోసేసింది.

ఇది చెబితే మీ అమ్మ పడీపడీ నవ్వి, అంకెలన్నిటికీ గిన్నెలు పెట్టుకుంటూ వచ్చింది. మళ్ళీ పిలిచాం. తెర మీద ఒక బరువు వచ్చింది.

పాత రిపోర్టుల్లోంచి నిండు ఓడ ఒకదాని అంకెలు ఇచ్చి చూశాం. ఆ రోజు నావ చెప్పిన బరువే, చివరి అంకె వరకు అదే. అన్నేళ్ళ తరవాత దాని నోటి మాట విన్నాను. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళానని మీ అమ్మ అందరికీ చెబుతుంది. నమ్మకు. టీ కోసమే.

ఓడ వచ్చింది. నిండుగా బొగ్గుతో సమంగా కూర్చుంది. మీ అమ్మ అంకెలు చదివి, ఓడ మీదే నావని పిలిచి, చీఫ్ ఆఫీసర్ ఎదురుగా బరువు తేల్చింది. ఆయన లెక్కా మన లెక్కా కలిశాయి. ఇంటికొస్తూ వంజరం చేప తెచ్చింది. వ్యాపారి సంతోషించాడు, కానీ సగం పనే అయింది. బొగ్గంతా దిగాక మళ్ళీ చదివితేనే కదా దిగిందెంతో తెలిసేది. క్రేన్లు తోడుతున్నాయి. ఓడ రోజుకి ఇంత పైకి లేస్తోంది.

మీ అమ్మకి ఒక అలవాటుంది, గ్యాసు ఆపానని తెలిసినా మళ్ళీ వెళ్ళి చూసొస్తుంది. అలాగే, ఎందుకైనా మంచిదని, పాత రిపోర్టుల్లోంచి ఖాళీ ఓడ ఒకటి తీసి ఆ అంకెలు నావకిచ్చింది.

"అత్తా, ఒకసారి రా. ఓడ పడిపోతంది."

వెళ్ళి చూశాను. నావ చెప్పినదాని ప్రకారం ఆ ఓడ సముద్రం వైపుకి అంతలా ఒరిగిపోయి ఉంది. మనుషులు నిలబడలేనంత. పాత రిపోర్టులో అదే ఓడ నిటారుగా ఉంది. బరువు కూడా కలవలేదు.

"నీ స్క్రీనులో ఎక్కడో తప్పుంది," అన్నాను.

"నా స్క్రీనులో ఏటీ లేదు. నాను ఇచ్చిన అంకెలు ఇచ్చినట్టే ఎల్తన్నాయి, సూడు. నీ నావకే వయసైపోనాది."

"నావకి వయసేమిటి? మొన్న నిండు ఓడకి సరిగ్గా చెప్పలేదూ?"

"నా పైథానూ సెప్పింది కదా మొన్న."

అత్తా కోడళ్ళు కూర గురించి పోట్లాడుకుంటారని లోకం అనుకుంటుంది. మేము ఏ భాష తప్పు చేసిందో తేల్చుకోలేక పోట్లాడుకున్నాం. మీ తాత మజ్జిగ అడిగితే ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ఆయనే వెళ్ళి తెచ్చుకుని, "నిండుగా ఉంటే సరిగ్గా చెబుతుంది, ఖాళీ అయితే తూలుతుందా? అన్నీ మందు సీసా లక్షణాలే," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తరవాత ఆలోచిస్తే ఆయన మాటలో మొదటి సగం నిజమే. నిండు ఓడకి సరి, ఖాళీ ఓడకి తప్పు. ఎందుకో అంతుపట్టలేదు.

అంతలో వ్యాపారి ఫోను. రేపు పొద్దున్నకి ఆఖరి బొగ్గు దిగిపోతుంది, మధ్యాహ్నం పోటుకి ఓడ వెళ్ళిపోవాలి, లెక్క పొద్దున్నే తేలాలి.

మీ అమ్మ ఫోను పెట్టేసి చాలాసేపు ఆ బోర్డు ఫోటో చూసుకుంటూ కూర్చుంది. తరవాత నా దగ్గరికొచ్చి, "అత్తా, నువ్వూ రా," అంది. "అసిస్టెంటని పాసు రాయిత్తాను. నువ్వు పక్కనుంటే దానికి బుద్దొత్తాది."

"నాకు మోకాళ్ళ నొప్పులు."

"మోకాళ్ళతో పనేటి, నీ నోరుంటే సాలు."

పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. గేటు దగ్గర నాకు పసుపు హెల్మెట్టు, మెరిసే చొక్కా ఇచ్చారు. చీర మీద ఆ చొక్కా వేసుకుని జెట్టీ మీద నడిచాను. ఇన్నేళ్ళు ఆ ఓడల బరువులు లెక్కకట్టాను కదా, జెట్టీ మీద నా కాలు పడడం అదే మొదలు. ఆడవాళ్ళని అప్పట్లో రానిచ్చేవారు కాదు. నాకు ఓడ అంటే ఫోన్లో వినిపించే అంకెలు. అది ఇంత ఎత్తుంటుందని తెలీదు. ఖాళీ అయ్యాక ముందు భాగం పైకి లేచి, వెనక భాగం నీళ్ళలోకి కుంగి కూర్చుంది, గేదె కూర్చున్నట్టు.

మీ అమ్మ జెట్టీ అంచున వంగి చదవడం మొదలుపెట్టింది. ముందు భాగం దగ్గర ఒక అంకె చదివి పిలిచింది. నేను తిరిగి పలికాను. నడిచి మధ్యకి వెళ్ళాం, పిలిచింది, పలికాను. వెనక్కి వెళ్ళాం, పిలిచింది, పలికాను. ఒడ్డు పక్క అయిపోయింది. అవతలి పక్కకి వెళ్ళాలంటే పడవే దారి. మెట్ల దగ్గర ఇంజన్ పడవ ఆగి ఉంది. పడవ నడిపే పెద్దాయన యారాడ మనిషి. నన్ను చూసి బీడీ తీసేశాడు.

"ముసిలమ్మగారిని యాడికి తీసుకెల్తన్నారు మేడం?"

"మా అత్త. నా అసిస్టెంటు."

"అత్త కోడలి కింద పనిసేత్తందా? మా ఊర్లో సెప్తే ఎవులూ నమ్మరు, నన్నే తాగినాడంటారు."

"నువ్వు సెయ్యి పట్టుకో ముందు, తరవాత నమ్ముదువుగాని."

అతనొక చెయ్యి, మీ అమ్మ ఒక చెయ్యి పట్టుకుని నన్ను పడవలోకి దించారు. పడవ ఓడ వెనకనుంచి చుట్టూ తిరగసాగింది. ఆ తిరిగేంతసేపూ ఎవరూ మాట్లాడలేదు, ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక పక్కన ఓడ ఇనప గోడ, ఇంకో పక్కన నీళ్ళు. ఒడ్డు కనబడలేదు.

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఫోన్లో సర్వేయర్ మూడు అంకెలు చెప్పేవాడు. నేను మూడూ పలికేదాన్ని. తరవాత "ఉండమ్మా" అనేవాడు, చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. నేను రిసీవరు చెవికి ఆనించుకుని గోడ గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. మళ్ళీ మూడు అంకెలు వచ్చేవి. మధ్యలో ఆ ఖాళీ ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. పడవ తిరుగుతోందన్నమాట. ఓడ రెండు పక్కలూ ఒక్కసారే చూడగలిగిన మనిషి లేడు. ఒక పక్క మొత్తం చదివాకే రెండో పక్క. నేను నావకి నేర్పింది ఆ వరసే. ఒడ్డు పక్క మూడు, ఆ తరవాత నీళ్ళ పక్క మూడు. ఫోర్‌ట్రాన్ కూడా పట్టికని నిలువుగానే చదువుతుంది, ఒక నిలువు వరస అయ్యాక ఇంకోటి. రెండూ చక్కగా కుదిరాయి.

"అమ్మాయ్, నీ స్క్రీనులో అంకెలు ఏ వరసలో వేస్తున్నావు?"

"రిపోర్టులో ఉన్నట్టే. ముందు భాగానికి ఈ పక్కా ఆ పక్కా, దాని కింద మధ్యకి ఈ పక్కా ఆ పక్కా, ఆ కింద వెనక్కి."

"పైథాన్ వాటిని ఎలా పంపుతోంది?"

"ఎలగేటి, అడ్డంగా. ఒక అడ్డ వరస అయినాక ఇంకోటి."

అని ఆగిపోయింది. ఆవిడకీ వెలిగింది. పడవ నడిపే ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. పైథాన్ జతలు జతలుగా పంపుతోంది, నావ వాటిని మూడేసి మూడేసి తీసుకుంటోంది. ముందు భాగం అంకెలు రెండూ ఒడ్డు పక్కకి పోతున్నాయి. వెనక భాగం అంకెలు రెండూ నీళ్ళ పక్కకి పోతున్నాయి. ఓడ నిండుగా సమంగా ఉంటే ఆరు అంకెలూ ఒకటే, ఏది ఎక్కడికి పోయినా తేడా తెలీదు. ఖాళీ ఓడ వెనక్కి కుంగుతుంది. ఆ వెనక లోతంతా తీసుకెళ్ళి నీళ్ళ పక్కన పెడితే ఒరిగిపోక ఏం చేస్తుంది?

"ఓడ పడిపోలేదత్తా. మన పట్టిక పడిపోనాది."

"నీ పైథాన్‌ది తప్పు కాదు."

"నీ నావదీ తప్పు కాదు."

"ముందు సదవాల్సింది సదవండమ్మా," అన్నాడు పడవాయన. "పోటు మారిపోతే మళ్ళీ నన్నే తిడతారు."

నీళ్ళ పక్క మూడూ చదివింది. ఆవిడ గొంతు అప్పటికే మారిపోయింది, ఒక్కో అంకె కొట్టినట్టు పిలిచింది. నేనూ అలాగే పలికాను. తరవాత నీళ్ళు ఒక సీసాలో పట్టి ఉప్పెంతో చూసుకుని ఒడ్డుకొచ్చాం.

జెట్టీ మీద మన కారులో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాం. పైథాన్‌లో పట్టికని అడ్డం నుంచి నిలువుకి తిప్పి పంపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట మీ అమ్మే రాసింది, నేను ముట్టుకోలేదు. ముందు పాత రిపోర్టులో ఒరిగిపోయిన ఆ ఖాళీ ఓడ అంకెలు ఇచ్చాం. నావ దాన్ని పట్టుకుని నిటారుగా నిలబెట్టింది. బరువు చివరి అంకె వరకు కలిసింది. నిండు ఓడ మళ్ళీ ఇచ్చాం. అదీ కలిసింది. మొదటి రోజు ఇదే ఓడని తేల్చిన లెక్క కూడా మళ్ళీ వేసి చూసుకున్నాం, సమంగా ఉన్న ఓడ కాబట్టి అదీ నిలబడింది. మీ అమ్మ ల్యాప్‌టాప్ మూసి గుండెలకి హత్తుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. "పద అత్తా," అంది.

ఓడ మెట్లు ఎక్కడం గురించి వివరంగా రాయకు. ఎక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, సముద్రం చూస్తున్నట్టు నిలబడ్డాను. పైన చీఫ్ ఆఫీసర్ కేరళ అబ్బాయి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నల్ల టీ తెప్పించాడు. ఆయన తన పట్టికలూ కాలిక్యులేటరూ ముందేసుకున్నాడు. మీ అమ్మ ఆయన ఎదురుగా ఆ రోజు అంకెలు నావకిచ్చింది, ఆయన చెప్పిన నూనె, నీళ్ళ బరువులూ ఇచ్చింది, మీట నొక్కింది.

నా టీ ఇంకా పొగలు కక్కుతోంది. బరువు వచ్చేసింది.

మీ అమ్మ తెర ఆయన వైపు తిప్పలేదు. ఆయన లెక్క ఆయన్ని పూర్తి చేసుకోనిచ్చింది. అది నాకు భలే నచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏ తొందరా లేనట్టు కూర్చుంది. ఆవిడ పాదం మాత్రం బల్ల కింద ఆడుతూనే ఉంది, అది నాకే కనబడింది. ఆయన కాసేపటికి ఒక అంకె రాసి కాగితం ఇటు జరిపాడు. మీ అమ్మ ల్యాప్‌టాప్ అటు జరిపింది. ఆ రెండిటికీ ఉన్న తేడా, అంత పెద్ద ఓడలో, ఎవరూ లెక్కచేయనంత. ఆయన కనుబొమలు లేచాయి. ఇది ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అని ఇంగ్లీషులో అడిగాడు. మీ అమ్మ వేలు నా వైపు చూపించింది. ఆయన నన్ను చూశాడు, నా హెల్మెట్టు చూశాడు, నమ్మాలా వద్దా అని ఇంకాసేపు చూశాడు. తరవాత స్టాంపు తెప్పించి రిపోర్టు మీద గట్టిగా వేశాడు. సర్వేయర్ అన్న చోట మీ అమ్మ సంతకం పెట్టింది. వేరే ఎవరి సంతకమూ కాదు. ఆవిడదే.

ఆ కాగితం ఫోటో వ్యాపారికి వెళ్ళిన కాసేపటికే ఫోను మోగింది. నాకు వినబడాలని స్పీకరు పెట్టింది. వచ్చేవారం ఇంకో ఓడ వస్తోంది మేడం, దాని తరవాతదీ మీరే చూసుకోండి, ఇక ప్రతిసారీ అడగను, మీవే అనుకోండి అన్నాడు. మీ అమ్మ "సరే సార్" అని మామూలుగా చెప్పి ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఓడ రెయిలింగు పట్టుకుని ఎలా నవ్విందో, ఆ నవ్వు నీ పెళ్ళిలోనైనా నవ్వుతుందో లేదో నాకు తెలీదు. కింద పడవలోంచి పెద్దాయన తల పైకెత్తి, "అయిపోనాదా మేడం?" అని అరిచాడు. "అయిపోనాది, పాసైపోనాం," అని మీ అమ్మ కూడా అరిచింది. సర్వేయరమ్మ అలా అరవచ్చో లేదో నేను చెప్పలేదు. నేనూ చెయ్యి ఊపాను.

ఇక ఆఖరి మాట, ఇది జాగ్రత్తగా రాయి. కిందికి దిగాక కారు దగ్గర నేను హెల్మెట్టు తీయబోతే మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. బోర్డు మీద ఆవిడ పేరు కింద ఖాళీ ఉంది కదా, అది ఎందుకు వదిలిందో నాకు అప్పటిదాకా తెలీదు. నా వైపు తిరిగి ఏమందంటే...

"అత్తా, వడ్డించేసినాను, పులుసు సల్లారిపోతంది. ఇద్దరూ రాండి. ఆ రాత తరవాత రాసుకుందురుగాని."

వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం. చూశావా, తన సంగతి చెబుతుంటే తనే పిలుస్తోంది. ఏమందంటే, "అత్తా, ఆ ఖాళీలో నీ పేరు రాయిత్తాను."